ఐసు మేడమ్

పోయిన మే నెలలో విజయనగరంలో ఒక పళ్ల డాక్టరు దగ్గర కూర్చున్నాను. కరెంటు పోయి ఏసీ ఆగిపోయింది. ఆ ఇరుకు గదిలో రోగులం మేం కొందరం, గోడవారన గాజుతొట్టిలో ఎర్రచేపలు కొన్ని. అవి నీటిపైకి వచ్చి నోళ్లు తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మేమూ నోళ్లు తెరుచుకునే ఉన్నాం గానీ మా కారణం వేరు. కౌంటరు దగ్గరున్న అమ్మాయితో, "ఆ తొట్టిలో కాస్త ఐసు వేయించండి, అది చలిదేశం చేప," అన్నాను. ఆ అమ్మాయి నన్ను చూసింది, నా చీటీ చూసింది, లోపలికి వెళ్లి "సార్, బయట ఒకాయనున్నారు, ఆయనకి పన్ను నొప్పేనా, ఇంకేమైనా ఉందా?" అని అడిగింది. తలుపు పల్చనిది.

ఆ మాట నిజానికి నాది కాదు. మా చీపురుపల్లి కాలేజీలో జువాలజీ చెప్పిన ఒకావిడది. ఆవిడ పోయి ఏడాది దాటింది. పోయినవాళ్లు కలలోకి వస్తారని అందరూ అంటారు. ఈవిడకి అంత తీరిక లేదు. ఎక్కడైనా గాజుతొట్టి కనబడితే చాలు, వచ్చి నాకు పని చెప్పి వెళ్తుంది.

నేను ఆ కాలేజీలో కామర్సుకి కాంట్రాక్టు లెక్చరర్‌గా చేరిన మొదటిరోజు స్టాఫ్‌రూమ్‌లో కూర్చుని, ఎవరితో స్నేహం చేస్తే మధ్యాహ్నం కూర బాగుంటుందా అని చూస్తున్నాను. పొట్టిగా, ముక్కుకి రెండువైపులా పుడకలతో, చీర కుచ్చిళ్లు చీలమండల పైకి ఎత్తిదోపిన ఒకావిడ స్టీలు క్యారేజీతో లోపలికి వచ్చింది. క్యారేజీ నుంచి నీళ్లు కారుతున్నాయి. పులుసు కారుతోందేమోనన్న ఆశతో దగ్గరికి వెళ్లాను. మూత తీసింది. లోపల ఐసు ముక్కలు, వాటికి చేపల వాసన.

"తింటావేటి?" అంది.

"ఇది ఎవరికి మేడమ్?"

"సేపలకి."

"చచ్చిన చేపలకా?"

"సచ్చినోటికి ఊరందరూ ఏస్తారు. నాను బతికున్నోటికి ఏస్తాను."

మా పరిచయం అంతే. ఆ తర్వాత నా పేరు ఆవిడ ఎప్పుడూ పలకలేదు. చివరిదాకా నేను "ఒరే కామర్సు"నే. మిగిలినవాళ్లూ అంతే. హిస్టరీ, ఫిజిక్సు, తెలుగు. ప్రిన్సిపాల్‌గారు ఒక్కరే "సార్" అనిపించుకునేవారు, ఆయనకి సబ్జెక్టు ఏదో ఆవిడకి తెలియకపోవడం వల్ల.

ల్యాబులో కిటికీ పక్కన ఆవిడ ఎర్రచేపల తొట్టి ఉండేది. ఆవిడ డాక్టరేటు చేసింది మంచుకొండల వాగుల్లో బతికే ట్రౌట్ చేప మీద. దాన్ని "మా దొరసాని" అనేది. ఆ దొరసానిని చీపురుపల్లి ఎండకి తీసుకురావడం ఎవరి తరమూ కాదు గనక, బజారులో దొరికే ఎర్రచేపని దాని దూరపు చుట్టంగా పెంచేది. "అందరూ దీన్ని బొమ్మనుకుంటారు. దీని పుట్టిల్లు సలిదేశం. మన ఊరు దీనికి అత్తారిల్లు. అందుకే దీనికి మే నెల్లో ఊపిరాడదు," అనేది.

ఎండ ముదిరిన రోజున పిల్లల్ని తొట్టి చుట్టూ నిలబెట్టేది. చెంపల పక్కన మొప్పల మీది రేకు ఎంత వడిగా కొట్టుకుంటోందో లెక్కపెట్టమనేది. తర్వాత ఐసు ముక్కల్ని పాలిథిన్ కవరులో కట్టి నెమ్మదిగా నీళ్లలోకి దించేది. కాసేపటికి ఆ రేకు వేగం తగ్గేది. పిల్లలు లెక్క మరిచిపోయి నోరెళ్లబెట్టి చూసేవారు. ఆవిడ రోజు మొత్తంలో మాట్లాడకుండా ఉండే సమయం అదొక్కటే. చేతిగడియారం కూడా మణికట్టు లోపలివైపుకి పెట్టుకునేది, చేప మీద నుంచి కన్ను తిప్పకుండా టైము చూడటానికి. పిల్లలు ఐసు మేడమ్ అని పేరు పెట్టారు. ఆవిడ కోపం ఎలా ఉంటుందో తెలిసినవాళ్లెవరూ ఆ పేరు పెట్టరు. అది మొదటి సంవత్సరంవాళ్ల పని.

ఇక స్ట్రా సంగతి. ఆవిడ చేతిసంచిలో కొబ్బరిబోండాలవాడి దగ్గర తెచ్చిన స్ట్రాలు కట్టకట్టి ఉండేవి. ఎవరైనా "నీళ్లు కొంచెం వేడెక్కితే చేపకి ఏమవుతుందిలెండి" అన్నారంటే వాళ్ల పని అయిపోయినట్టే. వాళ్లని మెట్లు ఎక్కించి దింపేది, ఎక్కించి దింపేది. ఆయాసపడుతున్న మనిషి ముక్కు తన చేత్తోనే మూసి, నోట్లో స్ట్రా పెట్టేది.

"పీల్చు. ఇప్పుడు నువ్వు వేడినీళ్లలో సేపవి. నీళ్లు వేడెక్కితే అందులో గాలి తగ్గిపోతాది. సేపకి సొంత వేడి నేదు, నీళ్లెంత వేడో దాని ఒళ్లూ అంతే. ఒళ్లు వేడెక్కితే లోపల మంట పెరుగుతాది, ఇంకా గాలి కావాలంటాది. కావాల్సింది పెరిగినాది, దొరికీది తగ్గినాది. మజ్జిలో దానికున్నది వేలెడు గుండె. అదెంతకని కొట్టుకుంటాది? అందుకే తిండి మానేస్తాది, ఎదగడం మానేస్తాది, గుడ్డెట్టడం మానేస్తాది. మా దొరసానైతే మరీను. దానికి సల్లదనం కొంచెం తగ్గినా గుండె సాలదు. లోతుకి పోగలిగితే పోతాది. నేకపోతే పోతాది."

ఈ చివరి రెండు వాక్యాల తేడా అర్థమయ్యేసరికి ఆ మనిషి ముఖం చింతపండు రంగుకి వచ్చేది.

ప్రిన్సిపాల్‌గారిది బొబ్బిలి. ఆయన మాట మొదలుపెడితే వీణ రాక తప్పదు. "మేడమ్, మాట వీణలా ఉండాలి. మీరు చేపలబజారులో మాట్లాడినట్టు మాట్లాడుతున్నారని పిల్లల తల్లిదండ్రులు అంటున్నారు," అన్నారు ఒకసారి.

"మా అమ్మ సేపలబజార్లోనే అరిసి నన్ను సదివించినాది సార్. మీ ఈనతో ఎంతమంది సదివినారు?"

ఇంకోసారి పై నుంచి తనిఖీకి వచ్చిన పెద్దమనిషి, పాఠం పుస్తకాల భాషలో చెబితే బాగుంటుందని మర్యాదగానే సలహా ఇచ్చాడు. "ఊపిరాడకపోడం ఏ బాసలో అయినా ఒకలాగే ఉంటాది సార్, రండి సూపిస్తాను," అని ఆయన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్లింది. ఆయన రిపోర్టులో ఏం రాశాడో తెలియదు. మధ్యాహ్నం భోజనం మాత్రం చెయ్యలేదు.

"ఏం చేస్తాం మేడమ్, కాలం అలా ఉంది," అని ఎవరైనా నిట్టూరిస్తే ఆవిడకి ఒళ్లు మండేది. "నువ్వేటి సేస్తావో సెప్పు. కాలం సంగతి నాను సూసుకుంటాను," అనేది. ఆ మాట మీద నేను స్టాఫ్‌రూమ్‌లో చాలా జోకులు వేశాను. ఆవిడ ఉన్నప్పుడు కొన్ని, లేనప్పుడు ఎక్కువ.

ఒక్క విషయం మాత్రం నాకు అంతుపట్టేది కాదు. ఆవిడది సముద్రం ఒడ్డున చేపలవేట ఊరు. తండ్రిది వేట, తల్లిది చేపల గంప. గుమ్మం దిగితే అలలు. అలాంటి మనిషి ఎక్కడో మంచుకొండల్లో చేపని పట్టుకోవడమేమిటి? అదే అడిగాను. "సముద్రమైతే బోటెక్కాల. వాగైతే గట్టు మీద కూకుంటే సాలు," అని క్యారేజీ మూత బిగించేసింది. నీళ్లంటే భయం కాబోలని నేను అనుకున్నాను.

ఆ ఏడాది శివరాత్రి వెళ్లీ వెళ్లకుండానే ఎండలు ముదిరాయి. ఒకరోజు నేను తరుగుదల పాఠం చెబుతుంటే గుమ్మంలో ఆవిడ.

"ఒరే కామర్సు, బండి తియ్యి."

"క్లాసు మధ్యలో ఉన్నాను మేడమ్."

"ఆళ్లు సగం నిద్దరోయినారు. మిగతా సగాన్నీ పడుకోనీ."

పిల్లలు చప్పట్లు కొట్టారు. బండి తీశాను. సముద్రం ఒడ్డున ఆవిడ ఊరికి గంట ప్రయాణం. వెనక కూర్చుని ఆవిడ గాలి హోరుని మించి అరుస్తూ చెప్పిన కథ ఇది.

ఆవిడ అన్న కూతురికి, ఆ పిల్ల మొగుడికి కలిపి ఒక ఫైబరు బోటుంది. ఆ ఏడు కానాగడత చేపలు ఒడ్డు దగ్గరికి రాలేదు. అందుకని ఆ అబ్బాయి దూరం వెళ్లి వలని బాగా లోతుకి దించడం మొదలుపెట్టాడు. లోతున పడిన వల బరువు, ఒక్కడి వల్ల పైకి రాదు. కూడా లాగే మనిషి గుజరాతు బోట్లలో పనికి రైలెక్కేశాడు. ఊళ్లో సగంమంది కుర్రాళ్లు అక్కడే ఉన్నారు. ఇక గత్యంతరం లేక పెళ్లాన్ని ఎక్కించుకున్నాడు. ఆ ఊళ్లో ఆడమనిషి బోటు మీద అడుగు పెట్టదు. పెట్టింది గనక అమ్మవారు వేడెక్కిందనీ, అందుకే చేపలు పోయాయనీ కులపెద్దలు తేల్చారు. ఆ పిల్ల తడిబట్టలతో ఒక్కతీ ముర్రాట కుండ, అంటే పసుపునీళ్లు వేపాకు వేసిన కుండ, నెత్తిన పెట్టుకుని ఊరు తిరిగి, తప్పు ఒప్పుకుని, ఆ నీళ్లు అమ్మవారికి పొయ్యాలి. ఇక బోటు ఎక్కనని మాట ఇవ్వాలి. అప్పటిదాకా ఆ బోటు నీళ్లలో దిగకూడదు.

"కుండెత్తితే పీడా పోతుంది కదా మేడమ్," అన్నాను.

వీపు మీద ఒకటి పడింది. "కుండెత్తితే మా అన్న గుంట మళ్లీ బోటెక్కదు. గుంట ఎక్కకపోతే వల నెగదు. వల నెగకపోతే ఆడూ గుజరాతు పోతాడు. పెళ్లయి ఏడాది అవనేదు. ఇది సంసారమా, పోస్టాఫీసా?"

మేం వెళ్లేసరికి వలలు ఆరబెట్టే పాక కింద పెద్దలు కూర్చుని ఉన్నారు. మధ్యలో వలకుప్ప మీద ఒక ముసలాయన, చెవి వెనక చుట్ట. ఊరికి ఆయన పెద్ద, ఈవిడకి వరసకి బావ. ఆ పిల్ల ఒక పక్కన నిలబడి ఉంది. ఏడుస్తూ ఉంటుందేమోనని దారంతా కొన్ని ఓదార్పు మాటలు సిద్ధం చేసుకున్నాను. ఆ అమ్మాయి వల చిక్కు తీస్తోంది. మొగుడు పక్కనే రెండో కొస పట్టుకుని ఉన్నాడు. నా మాటలు నా దగ్గరే ఉండిపోయాయి.

"ఏటే, సెప్పాపెట్టకుండా ఊడిపడ్డావు," అన్నాడు పెద్దాయన. "ఈ గుంటడెవుడు?"

"కామర్సు."

"అదేటి పేరే. ఏ ఊరాలు పెడతారలాగ?"

"అది తర్వాత. బావా, ఈ గుంట బోటెక్కితే సేపలు పోనాయన్నావంట."

"నానొక్కడ్నే అన్నానా? ఊరంతా అన్నాది. అమ్మోరు వేడెక్కిపోనాది."

"అమ్మోరి సంగతి నాకు తెల్దు. సముద్రం వేడెక్కినాది, అది తెలుసు."

"సూసినారా," అని ఆయన జనం వైపు తిరిగాడు. "ఆవిడా వేడే అంతన్నాది, మనమూ వేడే అంతన్నాం. ఇంక తగువేటి?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆవిడ నా వైపు చూశాక మానేశాను.

"తగువు వేడి గురించి కాదు బావా. ఏది ముందు, ఏది ఎనక అన్నదే తగువు. మీద నీళ్లలో ఊపిరాడక కానాగడత లోతుకి పోనాది. అది లోతుకి పోనాదని ఈడు వల లోతుకి ఏసినాడు. వల బరువైనాదని గుంట ఎక్కినాది. గుంట ఎక్కినాదని సేపలు పోనేదు. సేపలు పోనాయనే గుంట ఎక్కినాది."

పెద్దాయన చుట్ట తీసి రెండు వేళ్ల మధ్య దొర్లించాడు.

"సరేలే. సేప ఎందుకు పోతాదే? సముద్రం దాని కొంప. ఎండలు మండుతున్నాయని మనం ఊరొగ్గీసి పోతన్నామా?"

నాకు జరగబోయేది అర్థమైంది. ఆవిడ చెయ్యి సంచిలోకి వెళ్లింది.

"నెగు బావా. ఆ తెప్ప దాకా పరిగెత్తుకెళ్లి రా."

"ఈ వయసులో నాకు పరుగేటే."

"అందరి ముందూ ఓడిపోతాననుకుంటే వద్దులే."

ఆయన లేచి పంచె ఎగ్గట్టాడు. "కామర్సు, నువ్వూ," అంది. ఇసకలో పరిగెత్తడం ఎలా ఉంటుందో, బూట్లతో పరిగెత్తితే తెలుస్తుంది. తిరిగొచ్చాక ఇద్దరికీ చెరో స్ట్రా ఇచ్చి, ముక్కులు మూసుకోమంది.

ఆ ముసలాయన కుర్రతనంలో తెగిన లంగరు తాళ్ల కోసం నీళ్లలో మునిగి వెతికేవాడట. ఈ సంగతి ఎవరైనా ముందు చెప్పి ఉంటే బాగుండేది. ఆయన స్ట్రాని చుట్టలా పెదవి మూల పెట్టుకుని, దూరంగా ఎవరి మేకో పోతుంటే చూస్తూ నింపాదిగా నిలబడ్డాడు. నాకు ముందు మోకాళ్లు పోయాయి, తర్వాత సముద్రం పోయింది, తర్వాత ఇసక చెంపకి తగిలింది.

"ఏదీ, నాకేటీ అవనేదే," అన్న ఆయన గొంతు ఎక్కడో పై నుంచి వినబడింది.

"నువ్వు మట్టగిడసవి బావా. బురదలో పడేసినా బతికీస్తావు. కానాగడతని సూడాలంటే ఇటు సూడు." ఆవిడ గడ్డంతో నన్ను చూపించింది.

జనం వంగి చూశారు. ఎవరో ఆడమనిషి "పాపం, మొప్పలు కొట్టుకుంతన్నాయి," అంది. శాస్త్రం కోసం ఇంతకన్నా ఎక్కువ చేసినవాళ్లు ఉండవచ్చు. నాకు తెలిసినవాళ్లలో లేరు.

పెద్దాయన కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నవ్వడం అయ్యాక కళ్లు తుడుచుకుని, "నవ్వు నవ్వే, మాట మాటే. గుంట కుండెత్తాల. అంతదాకా ఆ బోటు మీద ఎవుడూ సెయ్యెయ్యడు," అన్నాడు.

చిక్కు అక్కడే ఉంది. ఆ బోట్లు ఇసక మీద ఉంటాయి. అలల దాకా తొయ్యాలంటే నలుగురి భుజాలు సరిపోవు. ఊరు చెయ్యి వెయ్యకపోతే బోటుకి తాళం వేసినట్టే.

ఆ పిల్ల వల కింద పెట్టింది. "పండగనాడు అందరితో బాటు కుండెత్తుతాను మావా. తప్పని మాత్రం ఎత్తను."

"అయితే బోటు ఇసకలోనే ఉంటాది."

"తెల్లారేసరికి నీళ్లలో ఉంటాది," అంది మేడమ్. "నానూ ఎక్కుతాను. తప్పేస్తే ఇద్దరికీ ఒక్కపాలే ఏసీ. నీకూ పని తగ్గుతాది."

పెద్దాయన నవ్వు ఆగిపోయింది. "నువ్వా? ఇంకా పోనేదేటే ఆ పిచ్చి? సిన్నప్పుడు మీ అయ్య పడవలో వల కింద దాక్కున్నావు. నానే గదా పట్టిచ్చినాను. పడవంతా పసుపునీళ్లతో కడిగినారు."

"గుర్తుంది. అందుకే కొండలెక్కినాను. వాగు గట్టు మీద కూకుంటే దిగిపొమ్మన్న మగోడు ఒక్కడూ కనబణ్ణేదు."

అప్పుడు తెలిసింది నాకు, ఆవిడ క్యారేజీ మూత ఆరోజు ఎందుకు బిగించిందో. సముద్రం ఒడ్డున పుట్టి, చేపల మీద డాక్టరేటు చేసి, యాభై దాటిన ఆ మనిషి అప్పటిదాకా సముద్రం మీదికి వెళ్లనే లేదు. నా దగ్గర దీనికి జోకు లేదు. రాత్రంతా వెతికాను కూడా.

తెల్లారింది. ఆ అమ్మాయి, మొగుడు, మేడమ్, నేను బోటుకి భుజాలు ఆనించాం. కామర్సు బలం ఎంతో ఆ పూట తేలిపోయింది. బోటు జానెడు కదిలి, ఇసకలో కూర్చుంది. మగవాళ్లు వరసగా కూర్చుని వలలు బాగు చేసుకుంటున్నారు. మా వైపు చూడకుండా ఉండటానికి వాళ్లు పడ్డ శ్రమతో రెండు బోట్లు తొయ్యవచ్చు. పెద్దాయన వాళ్ల మధ్యలో ఉన్నాడు.

ఇంకోసారి తోశాం. ఆ అమ్మాయి పాదాలు ఇసకలో మునిగిపోయాయి. మేడమ్ స్ట్రా అక్కర్లేకుండానే రొప్పుతోంది. "మేడమ్, కాసేపు ఆగుదాం," అన్నాను. "నువ్వాగు. బోటు మీద ఆనుకోకు, బరువు," అంది.

ఒడ్డున గంపలు పెట్టుకుని చేపల కోసం కూర్చున్న ఆడవాళ్లు మమ్మల్నే చూస్తున్నారు. వాళ్లలో ఒక భారీ మనిషి నోట్లో చుట్ట మండే కొస లోపలికి పెట్టుకుని కాలుస్తోంది. ఆ చుట్ట తీసి ఉమ్మేసింది.

"ఓలే, ఎంతసేపలా తోస్తారే. ఎండెక్కిపోతాది. గంప ఖాళీగా ఎట్టుకుని సంతలో ఏటమ్మాల, అమ్మోరి కోపమా?"

లేచి గంప బోర్లించి వచ్చి బోటు మీద చెయ్యి వేసింది. మగవాళ్ల వరసలో సూదులు ఆగిపోయాయి. ఆవిడ వెనక ఇంకొకామె లేచింది, ఆ వెనక అందరూ. "తప్పుకో బాబూ, కాళ్ల కింద పడిపోతావు," అని నన్ను పక్కన పెట్టారు. బోటు కదిలింది, జారింది, మొదటి అల మీద ముక్కు ఎత్తింది. ఇప్పుడు తప్పు వెయ్యాలంటే ఆ ఊళ్లో కుండలు చాలవు.

మేడమ్ ఎక్కబోయి ఒకసారి నీళ్లలో పడింది. రెండోసారి మేనకోడలు రెక్క పట్టి లోపలికి లాగింది. చేతిసంచి పాలిథిన్ కవరులో చుట్టి ఉంది. అందులో ల్యాబు థర్మామీటరు, తాడు కట్టిన సీసా. "కామర్సూ, రా," అని పిలిచింది. అలలు చూశాను. నా సెలవు ఒక్కపూటకేనని చెప్పాను.

ఒడ్డున పెద్దాయన నా పక్కకి వచ్చి కూర్చున్నాడు. బోటు చుక్కంత అయ్యేదాకా దాన్నే చూశాడు.

"మాస్టారూ, ఆ వేడి సంగతి నిజవేనేటి?"

"ఆవిడ చెప్పిందంటే నిజమే."

"నిజవే. నా సిన్నప్పుడు ఈ నెల్లో తెల్లారి నీళ్లలో దిగితే పళ్లు కొట్టుకునేవి. ఇప్పుడు ఎవురో తానానికి కాసినట్టుంటాయి."

"మరి తెలిసి తెలిసి ఆ పిల్లనెందుకన్నారు?"

"సముద్రానికి తప్పెయ్యగలనా? సేపలు నేకపోతే ఊరు ఊరంతా ఒకల్నొకలు కొట్టుకుంటాది. ఎవురో ఒకలు కుండెత్తితే మనసులు సల్లబడతాయి."

"ఆ ఒకలు మీరే కావచ్చు కదా."

ఆయన నన్ను కొత్తగా చూశాడు. చుట్ట ముట్టించుకోబోయి, గాలికి ఆరిపోతే మళ్లీ చెవి వెనక పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి బోటు తిరిగి వచ్చింది. ఈసారి మగవాళ్లు పరిగెత్తుకెళ్లి లాగారు, చేపలు కనిపించాయి మరి. ఊరు మూర్ఛపోయేటన్ని కావు గానీ, ఆ నెలలో అన్ని కానాగడతలు ఎవరూ చూడలేదు. మేడమ్ ముందువైపు కూర్చుని ఉంది. ముఖం వేపాకు రంగులో ఉంది, చీర ఉప్పుతో అట్ట కట్టింది. దారంతా కక్కుకుందట. నన్ను చూడగానే, "మీద నీళ్లు టీకి సరిపోతాయిరా. కింద ఊటీ," అంది. కాళ్లు ఇసకలో పెట్టి, నిలబడలేక నా భుజం పట్టుకుంది. "వల పైకొస్తంటే సేతులకి సల్లగా తగిలినాదిరా. సేపలకన్నా ముందు సల్లదనం పైకొచ్చినాది." ఆ మాట అంటున్నప్పుడు ఆవిడ నా వైపు చూడటం లేదు.

కథ ఇక్కడ ఆపేస్తే నాకూ బాగుండేది. సాయంత్రానికి ఊరి మాట తిరగబడింది. ఆ పిల్లది లక్ష్మీపాదమట. అత్తాకోడళ్లు అడుగుపెట్టిన బోటుకి తిరుగులేదట. ఒకడు పసుపూ కుంకుమా పట్టుకుని వచ్చాడు, ఇంకొకడు బంతిపూల దండ. చివరికి పెద్దాయనే వచ్చాడు.

"మా వోడు కొత్త బోటు దించుతున్నాడే. మీ ఇద్దరూ ఒక్కపాలి కాలెట్టీండి."

ముందురోజు తప్పు వేసినప్పుడు ఆవిడకి వచ్చిన కోపం నేను చూశాను. దీని ముందు అది కోపమే కాదు.

"నిన్నటిదాకా ఈ కాలు శని. ఈయేల లచ్చిమా? నాకు రెండూ వద్దు బావా. కాలు కాలే. ఈ గుంట ఎక్కితే వల లాగడానికి ఎక్కుతాది, కాలెట్టడానికి కాదు. నీ కొడుక్కి వల లాగీ మనిసి కావాలంటే, వచ్చి అడగమను."

"మంచి జరిగినా తగువేనేటే నీకు?"

"సేపలున్నసోట వల పడ్డాది. అదే మంచి. ఆ దండ తీసుకెళ్లి మీ వోడి ఇంజినుకి ఏసుకో."

అప్పటికే తన చేతిలో పెట్టిన ఆ దండ వైపు మొగుడు కొంచెం ఆశగా చూశాడు. ఆ పిల్ల అతని చేతిలోంచి దాన్ని తీసి, ఎవరు తెచ్చారో వాళ్లకే ఇచ్చేసింది.

నేను కాలేజీకి వచ్చేశాను. ఆవిడ సెలవు పెట్టి అక్కడే ఉంది. మర్నాడు సాయంత్రం ఫోన్ వచ్చింది.

"ఒరే కామర్సు, ఈయేల ఒక్క సేపా పడనేదు."

ఆ గొంతులో అంత సంతోషం అప్పటిదాకా నేను వినలేదు. ట్రౌట్ దొరసాని గురించి చెప్పేటప్పుడు కూడా.

"అయ్యో, మేడమ్."

"అయ్యో ఏట్రా. లచ్చిమిపాదం సచ్చిపోనాది. పొద్దున దండం ఎట్టినోలు సాయంత్రం మొకం తిప్పుకుని పోతన్నారు."

"మళ్లీ తప్పు అంటారేమో?"

"ఎవురి మీద అంటారు? తోసినోళ్లందరూ ఆడోళ్లే. ఈయేల ఊళ్లో ఏ బోటుకీ పడనేదు. నిన్న పడ్డాదీ ఈ గుంట వల్ల కాదు, ఈయేల పడందీ ఈ గుంట వల్ల కాదు. బావే ఆ మాట అందరి ముందూ అన్నాడు. అంటంటే ఆయనకే ఊపిరాడనేదు."

వెనక ఎవరో ఏదో సామాను ఈడుస్తున్న చప్పుడు వినబడింది. ఖాళీ వలతో వచ్చిన రోజు గదా అని నెమ్మదిగా అడిగాను.

"మీ అల్లుడు గుజరాతు మాటేమైనా ఎత్తాడా?"

"ఎత్తినాడు. గుంట వల కొస ఆడి సేతిలో ఎట్టి, 'ముందిక్కడ ముడెయ్యి, తెల్లారి ఎల్లాల' అన్నాది."

"అతనేం చేశాడు?"

"ఏటి సేస్తాడు. ముడేస్తన్నాడు."